అప్‌డేట్: మోవర్‌కి ఎక్కని గ్రాస్ క్యాచర్ సంగతి

విజయవాడలో లాన్లు కోసే పనికి కొన్న పెద్ద మోవర్‌కి అదే కంపెనీ గ్రాస్ క్యాచర్ (కోసిన గడ్డిని పోగుచేసేది) బిగించడం కుదరట్లేదని అడిగాను కదా, ఇదీ తర్వాత జరిగింది.

కస్టమర్ కేర్ వాళ్లు డీలర్‌ని అడగమన్నారు. డీలరేమో కంపెనీకి మెయిల్ పెట్టమన్నాడు. మోడల్ ఒకటే అయినా సీరియల్ నంబరును బట్టి డెక్ బ్రాకెట్ (క్యాచర్‌ని మోవర్‌కి పట్టి ఉంచే ముక్క) మారిందని చివరికి ఒక మెకానిక్ చెప్పాడు. కేటలాగ్‌లో ఆ ముక్క ఎక్కడా లేదు! ధర మాత్రం స్పష్టంగా ఉంది.

పని కోసం కొన్నది కాబట్టి వినియోగదారుల కేసు చెల్లదని ఇక్కడ కొందరన్నారు. కానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్నవాళ్లకి మినహాయింపు ఉంది. మోవర్ నడిపేది నేనే. అందుకే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. ఆ తర్వాతే కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది: క్యాచర్ వెనక్కి తీసుకుని డబ్బులిస్తారట, బ్రాకెట్ మాత్రం స్టాక్ లేదట.

వద్దన్నాను. ఆటోనగర్‌లో కొలతలిచ్చి బ్రాకెట్ చేయించుకున్నా, బాగానే కూర్చుంది. కాస్త వణుకుతోంది గానీ రబ్బరు వాషర్లు వేస్తే సరిపోతుందన్నారు. బ్రాకెట్ ఖర్చు కంపెనీ ఇవ్వాలని ఫిర్యాదు అలాగే ఉంచాను.