బడి విడిచినప్పటి నుండి మేము ఇల్లు చేరే వరకు పిల్లలను ఎవరికి అప్పగించాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేము హనుమకొండలో ఉంటున్నాము. మా వారిది కాజీపేటలో రైల్వే ఉద్యోగం కావడంతో డ్యూటీ వేళలు తరచూ మారుతుంటాయి. నేను సాయంత్రం ఆరు దాటితే గాని ఇల్లు చేరలేను. పాప రెండో తరగతి. నాలుగేళ్ల బాబు అదే బడిలో నర్సరీ, వాడిని మధ్యాహ్నమే వదిలేస్తారు. ఇన్నాళ్లూ చూసుకున్న మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి. డే కేర్ వారు బడి నుండి పిల్లలను తీసుకురాలేమంటున్నారు. ఆటో అతను ఇంటి ముందు దించడం వరకే తన పని అంటున్నాడు. ఏమి చేయమంటారు?

జవాబు:
చెల్లెమ్మా, ఇంట్లో ఎవరు చూసుకుంటారన్న దానికంటే బడి గేటు దగ్గర ఎవరి చేతికి అందుతారన్నదే ముందు తేల్చుకోవాలి. ఆ రెండు పనులూ ఒక్కరే చేస్తే మధ్యలో పూచీ ఎవరిదన్న ప్రశ్నే రాదు. అందుకని మీ ఇంటికి దగ్గరలో కాకుండా, బడికి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉండే పెద్దామెను వెతకండి. ఆటో రాకపోయినా, వాన పడినా ఆమె గేటు దగ్గరకు చేరగలదు. పాప బడి విడిచే వరకు బాబును అక్కడే ఉంచుకుంటారేమో ప్రధానోపాధ్యాయురాలిని అడిగి చూడండి. ఒప్పుకుంటే రెండు రాకపోకలు ఒక్కటవుతాయి, ఎండలో బాబును వెంటబెట్టుకొని ఆమె మళ్లీ బడికి నడవనక్కరలేదు.

ఆమె పేరు, ఫోటో, ఫోన్ నంబరుతో మీరిద్దరూ సంతకం చేసిన ఉత్తరం బడిలో ఇచ్చి, తరగతి టీచరుకు, గేటు దగ్గరి వాచ్‌మన్‌కు ఆమెను స్వయంగా చూపించండి. "అమ్మ పంపింది" అని ఇంకెవరు పిలిచినా వెళ్లకూడదని పిల్లలకు ఒకసారి చెప్పి ఊరుకోకండి, మళ్లీ మళ్లీ చెప్పండి. మొదటి వారం మీలో ఒకరు సెలవు పెట్టి ఆమె వెంట వెళ్లగలిగితే పిల్లలకు బెరుకు పోతుంది.

తక్కువ జీతానికి వస్తుందని చిన్న ఆడపిల్లను మాత్రం పెట్టుకోకండి. పద్నాలుగేళ్లు నిండని పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదని 2016 సవరణ తర్వాత బాల కార్మిక చట్టం స్పష్టంగా చెబుతోంది. పైగా, ఆ పిల్ల కూడా బడిలో ఉండవలసిన పిల్లే కదా.

మరొక జవాబు:
పై సలహాతో ఏకీభవిస్తున్నాను. ఎవరైనా స్కూటరు మీద తీసుకువచ్చేటట్లయితే నాలుగేళ్లు దాటిన పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. అంతకంటే చిన్నవారికి హెల్మెట్‌తో పాటు నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు కూడా ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. ఆటో అయితే ఎంతమందిని ఎక్కిస్తున్నాడో ఒక సాయంత్రం మీరే నిలబడి చూడండి.

ప్రశ్నించిన వారు:
చాలా కృతజ్ఞతలు. మా వీధిలోనే ఒకామె ఉన్నారు, ఆమె ఇల్లు బడికి దగ్గరే. జీతం మాట్లాడేటప్పుడు ఏయే సంగతులు ముందుగా తేల్చుకోవాలి?

జవాబు:
ఒంటిపూట బడుల సంగతి అన్నిటికంటే ముందు మాట్లాడండి. మార్చి మధ్య నుండి పిల్లలు మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలోనే బయటికి వస్తారు కనుక, మామూలు రోజుల్లో పాప వచ్చే వరకు బాబును బడిలోనే ఉంచుకునేటట్లయితే, ఆమెకు పని గంటలు దాదాపు మూడు పెరుగుతాయి, మధ్యాహ్న భోజనం పెట్టే పని కూడా తోడవుతుంది. ఆ నెలలకు ఎంత ఎక్కువ ఇస్తారో ఇప్పుడే చెప్పకపోతే, సరిగ్గా అప్పుడే ఆమె మానేసే ప్రమాదం ఉంది. దసరా సెలవుల్లో, వేసవిలో జీతం పూర్తిగా ఇస్తారా, సగమా అన్నదీ మాట్లాడుకోండి. సగమైనా ఇస్తే ఆమె వేరే పని వెతుక్కోదు. బతుకమ్మకు ఆమె పుట్టింటికి వెళ్తుంది, రెండేళ్లకొకసారి మేడారం జాతరకూ వెళ్లవచ్చు. ఆ రోజులకు బదులుగా వచ్చే మనిషి పేరు కూడా బడికిచ్చే ఉత్తరంలోనే రాయించండి. అప్పటికప్పుడు ఫోన్ చేసి చెబితే గేటు దగ్గర పిల్లలను పంపరు, పంపకూడదు కూడా.