ఆయిల్ ప్యాడ్ తూకం: 30 సెకన్లా, ఐదు నిమిషాలా?

స్టోర్‌బాబు: పోయిన వారం పాత_ఫిట్టర్ గారు కారిన ఆయిల్‌ను పీల్చే ఈ తెల్ల ప్యాడ్లు నాసిరకమన్నారు. ప్యాకెట్ మీద ‘బరువుకు 15 రెట్లు’ పీలుస్తుందని ఉంది. నేనే తూచాను. పొడి ప్యాడ్ 40 గ్రాములు. 68 గ్రేడు హైడ్రాలిక్ ఆయిల్‌లో 15 నిమిషాలు ముంచి, 30 సెకన్లు వేలాడదీస్తే 640 తూగింది. ప్యాకెట్ అబద్ధమాడలేదు.

లెక్కలమనిషి: 640ని 40తో భాగిస్తే 16 కదా?

స్టోర్‌బాబు: పొడి బరువు తీసేయాలి సార్. పీల్చింది 600, అంటే 15.

పాత_ఫిట్టర్: 30 సెకన్లు ఎవరు పెట్టారండీ? అదే రకం ప్యాడ్‌ను నేను ఐదు నిమిషాలు క్లిప్పుకు వేలాడదీశాను. 480 తూగింది. అప్పటికీ బొట్లు ఆగలేదు. 11 రెట్లు, అంతే. హైడ్రాలిక్ ప్రెస్ దగ్గరి నుంచి వ్యర్థాల డ్రమ్ము దాకా మోసేది నేను. మూల పట్టి ఎత్తగానే ధార కట్టి బూటులోకి దిగుతుంది.

రంపపుపొట్టు: పొట్టు చల్లి ఊడ్చేయండి, గొడవ వదులుతుంది.

స్టోర్‌బాబు: 30 సెకన్లు నా సొంతం కాదు, ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం వారి ఎఫ్‌726 పరీక్ష పద్ధతి. ఆయిల్ బాగా చిక్కనైతే 2 నిమిషాలు. అందరూ ఒకేలా తూస్తేనే రెండు ప్యాడ్లను పోల్చగలం. మీ ఐదు నిమిషాలు ఏ పుస్తకంలో ఉంది?

పాత_ఫిట్టర్: నా బూటులో ఉంది.

కొత్తసభ్యుడు: బూరుగు దూది కూడా నీటిని వదిలి నూనెనే పడుతుంది. ఎవరైనా వాడారా?

పాత_ఫిట్టర్: మీరు ముంచింది తట్టలో. ప్రెస్ కింద ప్యాడ్ మునగదండీ. ఆయిల్ పలచని పొరగా పాకి వస్తుంది, ఒక మూల నల్లబడుతుంది, మిగతాదంతా తెల్లగానే ఉంటుంది. అలాగని వదిలేస్తే నడిచేవాడు జారిపడతాడు. మార్చక ఏం చేయాలి?

స్టోర్‌బాబు: తెల్లగా ఉండగానే పారేస్తారన్నమాట. ఇప్పుడు అర్థమైంది. మా దగ్గర నెలకు 70 లీటర్లు కారుతుంది. ప్యాడ్‌కు 600 గ్రాములు, అంటే దాదాపు 690 మిల్లీలీటర్ల చొప్పున సుమారు 100 చాలు. మా ఫిట్టర్లు 180 తీసుకున్నారు. మిగతా 80 ఏమైనట్టు?

పాత_ఫిట్టర్: అదీ సంగతి! తూకం ప్యాడ్‌కు కాదు, మాకు. మా స్టోరులోనూ ఇదే లెక్క వేశారు. పోయిన నెల గేటు దగ్గర నా టిఫిన్ క్యారియర్ నాలుగు గిన్నెలూ విప్పించారు. అడుగు గిన్నెలో పెరుగన్నం. 22 ఏళ్ల సర్వీసు. ప్యాడ్ దొరకలేదు గానీ, చూసినవాళ్లు చూశారు.

రంపపుపొట్టు: అయ్యో.

స్టోర్‌బాబు: మిమ్మల్ని అనలేదండీ. ఆడిట్‌లో నిలబడేది నేను. ఏ అంకె చూపమంటారు?

పాత_ఫిట్టర్: ప్యాకెట్ మీది అంకె కాదు. వ్యర్థాల డ్రమ్ములోంచి పది తీసి తూచండి. మీ ప్రెస్ సీలు కూడా మార్పించండి, 70 లీటర్లు కారడమేమిటి?

స్టోర్‌బాబు: సీలు నా చేతిలో లేదు. ఈ రోజు పది తూచాను. మొత్తం 3 కిలోల 900 గ్రాములు. పొడి బరువు పోగా ప్యాడ్‌కు 350. కానీ ఇందులో ఇనుప రజను కూడా ఉంది, అదంతా ఆయిల్ కింద రాయలేను.

పాత_ఫిట్టర్: రజను ఎత్తింది కూడా ఆ ప్యాడేనండీ.