"డెబ్బది ఏళ్ల మారులు": ఈ ఏళ్లు ఏ ఏళ్లు? ఆ లెక్కలో హత్య కూడా వస్తుందా?

ప్రొద్దుటూరు నుంచి ప్రశ్న:

మత్తయి సువార్త 18:22లో "ఏడుమారులమట్టుకే కాదు, డెబ్బది ఏళ్ల మారులమట్టుకు" క్షమించమని ఉంది. మా చర్చిలో సగం మంది దీన్ని డెబ్బై సంవత్సరాలు అనుకుంటారు. మనిషి ఆయుష్షు డెబ్బై ఏళ్లు కాబట్టి బతికినన్నాళ్లూ క్షమిస్తూనే ఉండాలని ఒక పెద్దాయన వివరం కూడా చెప్పినాడు. వినడానికి బాగుంది, కానీ అదేనా అర్థం?

అడగడానికి అసలు కారణం వేరే ఉంది. మా బంధువుల్లో ఒకామె భర్తను ఎప్పుడో ఊరి కక్షల్లో నరికి చంపినారు. ఆ గుంపులో ఉన్న ఒకతను ఈ మధ్య బాప్తిస్మం తీసుకున్నాడు. ఇప్పుడు పెద్దలంతా ఈ వచనమే చూపించి "నువ్వు క్షమించాల్సిందేనమ్మా" అని ఆమె మీద పడుతున్నారు. ఆమె రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. ఈ లెక్కలో హత్య కూడా వస్తుందా?

కడప నుంచి, రిటైర్డ్ తెలుగు టీచరు:

అమ్మా, ముందు మాట సంగతి చూద్దాం. ఇవి సంవత్సరాలు కావు, ఎక్కాల్లో వచ్చే ఏళ్లు. "రెండు రెళ్లు నాలుగు, మూడు మూళ్లు తొమ్మిది, ఏడు ఏళ్లు నలభై తొమ్మిది" అని బడిలో గొంతు చించుకున్నవాళ్లకు ఇట్టే తడుతుంది. డెబ్బది ఏళ్లు అంటే 490. సంఖ్యకూ సంవత్సరానికీ 'ఏడు' అనే మాటే ఉండటం, రెండూ బహువచనంలో 'ఏళ్లు' కావడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఎక్కాలు ఇంగ్లీషులోకి మారినాక ఈ 'ఏళ్లు' పిల్లలకు తెలియకుండా పోయింది. మారు అంటే సారి. "సంవత్సరాల సార్లు" అంటే అసలు వాక్యమే నిలవదు.

ఇంకో మెలిక ఉంది. గ్రీకు మూలంలో ఉన్న మాటను 490 అనీ చదవవచ్చు, 77 అనీ చదవవచ్చు. పండితులు ఇప్పటికీ రెండు వైపులా ఉన్నారు. నేను 77 వైపు మొగ్గుతాను. ఎందుకంటే పాత నిబంధన గ్రీకు అనువాదంలో సరిగ్గా ఇదే మాట ఆదికాండం 4:24లో వస్తుంది. అక్కడ హీబ్రూలో ఉన్నది 77, అందులో అనుమానం లేదు. మాట్లాడేవాడు తమ్ముణ్ని చంపిన కయీను వంశంలో పుట్టిన లెమెకు. తనను గాయపరిచినందుకు ఒకణ్ని చంపేశానని ఇద్దరు భార్యల ముందు గొప్పలు చెప్పుకుంటాడు. కయీను కోసం ఏడంతల ప్రతీకారమైతే తన కోసం డెబ్బది యేడంతలు అంటాడు. ఒక దెబ్బకు ఒక ప్రాణం, తన ప్రాణానికి డెబ్బై ఏడు. మన సీమలో పుట్టినవాళ్లకు లెమెకు ఎవరో విడమరచి చెప్పనక్కర్లేదు. పగకు వాడు కట్టిన లెక్కనే యేసు తిప్పి క్షమకు కట్టినాడని నా అభిప్రాయం.

అనంతపురం నుంచి, లాయరు:

సార్, అంకె సంగతి బాగుంది. కానీ ఆమె అడిగింది ఎన్నిసార్లు అని కాదు, ఎంత పెద్ద తప్పు వరకు అని. ఆ వచనానికి ముందు యేసు శిష్యుడు పేతురు అడిగింది "నేనెన్నిమారులు" అని. పదే పదే తప్పు చేసే అన్నదమ్ముడి గురించిన ప్రశ్న అది. దాన్ని తెచ్చి హత్యకు అతికిస్తే ఎట్లా?

పైగా పేతురు "నాయెడల తప్పిదము చేసినయెడల" అన్నాడు. ఆ 'నాయెడల'ను అందరూ మింగేస్తారు. చంపబడినవాడు లేచి వచ్చి క్షమించలేడు కదా. తోటి మనిషికి చేసిన తప్పుకు ఆ మనిషిని సమాధానపరచకుండా ప్రాయశ్చిత్త దినం కూడా పనికిరాదని యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో ఉంది. మన చట్టం కూడా దగ్గర దగ్గర అదే దారి. హత్య రాజీకి వీలుకాని నేరం. నిన్నటి ఐపీసీ 302 అయినా, 2024 జులై నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 103 అయినా అంతే. భార్యాబిడ్డలు వచ్చి క్షమించాం అన్నా కోర్టు కేసు మూసెయ్యదు. మరి మూతపడేవి ఎట్లా పడతాయంటే, సాక్షులు ఎదురు తిరుగుతారు. ఊళ్లో దానికి రాజీ అని పేరు. ఇప్పుడు దానికే క్షమాపణ అని భక్తి పేరు పెడుతున్నారేమోనని నా భయం.

కడప టీచరు:

'ఎన్ని'కీ 'ఎంత'కూ తేడా బాగా పట్టుకున్నారు. అయితే 'ఎంత' అన్నదానికి జవాబు ఆ వెంటనే 23వ వచనం నుంచి మొదలయ్యే ఉపమానంలో ఉంది. రాజుకు ఒక దాసుడు పదివేల తలాంతులు "అచ్చియున్నాడు". అచ్చియుండటం అంటే బాకీ పడి ఉండటం. లూకా 11:4లో "మాకచ్చియున్న ప్రతివానిని" అన్నది కూడా ఇదే. తలాంతుకు ఆరు వేల దేనారాలు, దేనారానికి ఒక రోజు కూలి. అంటే ఆరు కోట్ల రోజుల కూలి. ఏ జన్మకూ తీరని బాకీ కావాలనే ఆ అంకె వేసినాడు. రాజు అంతా వదిలేస్తాడు. ఆ దాసుడు బయటికి వచ్చి తనకు నూరు దేనారాలు ఇవ్వాల్సినవాడి గొంతు పట్టుకుంటాడు.

ప్రసంగాల్లో ఆ నూరు దేనారాలను చిల్లర బాకీ అంటుంటారు, నాకు ఒళ్లు మండుతుంది. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చినప్పుడు ఒక ఇంటికి ఏడాదికి పెట్టిన పని నూరు రోజులే. కూలోడి ఇంట్లో అది చిల్లర కాదు. నష్టపోయినవాడి నష్టం చిన్నదని ఆ కథ ఎక్కడా అనలేదు.

కాబట్టి దేవుడి వైపు నుంచి చూస్తే హత్యకు కూడా క్షమ ఉందనే క్రైస్తవం చెబుతుంది. మత్తయి 12:31లో ప్రతి పాపానికీ క్షమాపణ ఉందని చెప్పి, ఆత్మ విషయమైన దూషణ ఒక్కటే మినహాయించినారు. హత్యను ఆ మినహాయింపులో పెట్టలేదు. తొలి క్రైస్తవుల్లో ఒకడైన స్తెఫనును రాళ్లతో కొట్టి చంపుతున్నప్పుడు పక్కన బట్టలకు కాపలా ఉన్నది సౌలు. తర్వాత సువార్త చాటిన పౌలు అయినది ఆయనే.

కానీ అంత సాఫీగా పోయే లెక్క కూడా కాదు. యూదా దేశపు రాజు మనష్షే యెరూషలేమును నిరపరాధుల రక్తంతో నింపినాడు. దినవృత్తాంతముల రెండో గ్రంథం 33లో ఆయన తగ్గించుకుని మొరపెట్టుకుంటే దేవుడు విన్నాడు. అదే మనిషి విషయంలో రాజుల రెండో గ్రంథం 24:4కు వస్తే, ఆ రక్తాన్ని యెహోవా క్షమించడానికి ఒప్పుకోలేదని ఉంది. ఒకే బైబిల్లో రెండు మాటలూ ఉన్నాయి. మనిషి దారి మళ్లినా పారిన రక్తానికి లెక్క మిగిలిందని నేను చదువుకుంటాను. వేరేగా చదివేవాళ్లూ ఉన్నారు.

ఆదోని నుంచి ఒకరు:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. మన వేమన పద్యం ఒకటి ఇక్కడికి సరిపోతుంది.

చంపదగినయట్టి శత్రువు తనచేత
చిక్కెనేని కీడు సేయరాదు
పొసగ మేలుచేసి పొమ్మనుటే చావు
విశ్వదాభిరామ వినుర వేమ

రోమా పత్రిక 12:20లో శత్రువుకు అన్నం పెడితే "అతని తలమీద నిప్పులు కుప్పగా పోయుదువు" అన్నదీ ఇదే కదా? రెండు చోట్లా మంచితనం లోపల కొంచెం కారం ఉంది.

కడప టీచరు:

కారం ఉన్నమాట నిజమే. దానికి ముందు వచనం చూడండి: "పగతీర్చుట నా పని". పగ అనేదే లేదనడం లేదు, అది నీ చేతిలో ఉండకూడదు అంటున్నాడు. వేమన అంత దూరం పోడు, ఆయనకు ఆ శత్రువు ముఖం చూడాలని ఉంది!

ప్రొద్దుటూరు నుంచి:

సార్, ఇదంతా ఆమెకు ఎట్లా చెప్పేది? అతను ఇంతవరకూ ఆమె ఇంటికి రాలేదు. పెద్దలే వచ్చి పోతున్నారు.

కడప టీచరు:

అతను రాలేదా? అయితే సంగతి వేరే. లూకా 17:3లో "అతని గద్దించుము, అతడు మారుమనస్సు పొందినయెడల అతని క్షమించుము" అని ఉంది. ముందు గద్దింపు, తర్వాత మారుమనస్సు, ఆ తర్వాతే క్షమ. బయట మనం క్షమాపణ అంటే తప్పు చేసినవాడు చెప్పుకునేది. చర్చిలో పాపక్షమాపణ అంటే దేవుడు ఇచ్చేది. మాట ఒకటే కావడంతో, అతను దేవుడి దగ్గర పొందినదాన్నే ఆమె దగ్గర కూడా చెప్పుకున్నట్టు లెక్క వేసేస్తున్నారు. "వారిమీద ఈ పాపము మోపకుము" అన్నది దెబ్బలు తింటున్న స్తెఫను. పక్కనున్న పెద్దలు ఆయన తరఫున అనలేదు.

క్షమించినవాళ్లు లేరని కాదు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌నూ ఇద్దరు చిన్న కొడుకులనూ జీపులో తగలబెట్టినారు. భార్య గ్లాడిస్ క్షమించానని చెప్పింది. ఆమెను అలా అనమని ఎవరూ ఇంటి చుట్టూ తిరగలేదు. ఆమె క్షమించినాక కూడా కేసు నడిచింది. 2011లో సుప్రీంకోర్టు ప్రధాన దోషికి యావజ్జీవాన్ని ఖాయం చేసింది. క్షమించినంత మాత్రాన సాక్ష్యం చెప్పకూడదని ఏ వచనమూ లేదు.

మీ పెద్దలు ఈసారి వస్తే మత్తయి 5:23, 24 చదివి వినిపించండి. అర్పణం ఇవ్వబోతుంటే నీ మీద నీ సహోదరుడికి విరోధమేమైనా ఉందని గుర్తొస్తే, అర్పణాన్ని అక్కడే విడిచిపెట్టి ముందు వెళ్లి సమాధానపడమని ఉంది. ఆ మాట తప్పు చేసినవాడికి చెప్పింది, నష్టపోయినవాళ్లకు కాదు. అతన్ని వెళ్లమనండి. వెళ్లి ఏం చేసినాడో, ఎవరు చేయించినారో ఆమె ముందూ అవసరమైతే పోలీసుల ముందూ చెప్పమనండి. ఆ తర్వాత ఆమె క్షమిస్తుందా, ఎప్పుడు క్షమిస్తుంది అన్నది ఆమెకు వదిలేయండి.