డ్యూయల్ బూటా, విండోస్ మొత్తం తుడిచేయడమా? ఇన్‌స్టాలర్ దగ్గరే ఆగిపోయా

పాతలాపీ

అందరికీ నమస్తే. నా ల్యాప్‌టాప్ ఇంటెల్ ఏడో తరం, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ప్రవేశం, అంటే నాది ఒక్క మెట్టు కింద ఆగిపోయింది. మెషీన్ మాత్రం ఇప్పటికీ చక్కగా ఉంది, పక్కన పడేయడానికి మనసు రావట్లేదు.

లైనక్స్ మింట్ (విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌లోనే చూశా. వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్, వెలుతురు తగ్గించే బటన్లు, అన్నీ పనిచేశాయి. నాకు నచ్చింది కూడా. కానీ ఇన్‌స్టాలర్‌లో ఒక ప్రశ్న వస్తుంది కదా, విండోస్ పక్కన వేయమంటావా (అదే డ్యూయల్ బూట్, ఆన్ చేసినప్పుడల్లా రెండిట్లో ఒకటి ఎంచుకోవడం), డిస్క్ మొత్తం తుడిచి వేయమంటావా అని. రెండు రోజులుగా అక్కడే ఆగి, వెనక్కొచ్చేస్తున్నా.

నా వాడకం: బ్రౌజర్, వర్డ్, ఎక్సెల్, కొద్దిగా ఫొటోలు, ఆదివారం గేములు. ఆఫీసు పని ఇందులో చేయను. ఏది మంచిది? ఎందుకో కూడా చెప్పండి.

రూట్‌రాజు

తుడిచెయ్ బ్రో, ఆలోచించకు. డ్యూయల్ బూట్ అంటే రెండు పడవల మీద కాళ్లు. నేను మూడేళ్లు అలాగే నెట్టుకొచ్చా. ప్రింటర్ పలకలేదా, రీస్టార్ట్ కొట్టి విండోస్‌లోకి. వర్డ్ ఫైల్ తేడాగా కనిపించిందా, మళ్లీ విండోస్‌లోకి. "ఈ ఒక్క పనికే" అనుకుంటూ వెళ్తాం, అక్కడే యూట్యూబ్ తెరుస్తాం, ఆ పూటకి లైనక్స్ సంగతి మర్చిపోతాం. మూడేళ్లలో నేను నేర్చుకున్నది రీస్టార్ట్ చేయడం ఒక్కటే. విండోస్ తీసేశాక మొదటి వారంలో ప్రింటర్ దగ్గర ఒక సాయంత్రం కూర్చున్నా, తేలిపోయింది. ఆ తర్వాత దాని జోలికి వెళ్లాల్సిన పనే పడలేదు.

పైగా నీది 256 జీబీ. దాన్ని సగం సగం చేస్తే ఇటూ చాలదు, అటూ చాలదు.

నీలితెర

రూట్‌రాజు గారూ, ఒక్క సందేహం. మీరు మూడేళ్లు డ్యూయల్ బూట్‌లో ఉండి, అలవాటు పడి, ఆ తర్వాత తుడిచారు. కొత్తగా వచ్చినాయన్ని మొదటి రోజే తుడవమంటున్నారు. మీరు ఎక్కిన మెట్లన్నీ పీకేసి ఆయన్ని పైకి రమ్మంటే ఎలా?

ఇలాంటి సలహా విని నేనే మా చెల్లి ల్యాప్‌టాప్ తుడిచా. స్లో అయిపోయిందన్నయ్యా అంటే ఉబుంటు అనే లైనక్స్ వేసిచ్చా. రాకెట్‌లా లేచింది, తనూ మురిసిపోయింది. పది రోజుల తర్వాత ఆన్‌లైన్ పరీక్ష. పరీక్ష రాసేటప్పుడు స్క్రీన్‌ని లాక్ చేసే సాఫ్ట్‌వేర్ విండోస్‌కీ మ్యాక్‌కీ తప్ప లేదు. లైనక్స్ లోపలే విండోస్‌ని నడిపే వర్చువల్ మెషీన్‌లో వేస్తే, అది వర్చువల్ మెషీన్ అని పసిగట్టి తెరుచుకోనంది. రాత్రి పదకొండింటికి స్నేహితురాలి ల్యాప్‌టాప్ అడుక్కొచ్చుకుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఇప్పటికీ ఇంట్లో ఏ వైరు వదులైనా నా వంకే చూస్తారు.

రూట్‌రాజు

మీ చెల్లెలి సంగతి పాపమే, కానీ అది లైనక్స్ తప్పు కాదు, ముందు అడగకపోవడం తప్పు. పాతలాపీ తన వాడకం రాశాడు కదా, అందులో పరీక్ష లేదు. మెట్ల గురించి అన్నది మాత్రం ఒప్పుకుంటా, అది నాకు తట్టలేదు.

అయితే డ్యూయల్ బూట్ ఏమైనా క్షేమమా? 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ సెక్యూర్ బూట్ (ఆమోదం ఉన్న సిస్టమ్‌నే లేవనిచ్చే కాపలా) నిబంధనలు మార్చేసరికి ఎంతోమంది డ్యూయల్ బూట్ మెషీన్లలో లైనక్స్ లేవనే లేదు. "సెక్యూరిటీ పాలసీ వయొలేషన్" అని ఒక్క ముక్క చూపించి ఆగిపోయేది. కొత్తవాడు ఆ తెర చూస్తే ఏమనుకుంటాడు? లైనక్స్ పాడైందనుకుంటాడు.

రెండుడిస్కులు

డ్యూయల్ బూట్‌ని తిట్టేవాళ్లలో చాలామంది దాన్ని సరిగ్గా పెట్టుకోనివాళ్లే. అనుభవంతో చెప్తున్నా, ఎందుకంటే అన్ని తప్పులూ నేను వరసగా చేశాను.

మొదటిది బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళం. నా డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందని నాకే తెలియదు. డిస్క్‌లో విండోస్ భాగాన్ని (పార్టిషన్) కుదించి, బయోస్‌లో (ఆన్ చేయగానే వచ్చే మెషీన్ సెట్టింగ్స్) సెక్యూర్ బూట్ మార్చి, మళ్లీ విండోస్‌లోకి వెళ్దామంటే నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ ఇమ్మంది. అది ఎప్పుడో తెరిచి వదిలేసిన ఈమెయిల్ ఖాతాలో ఉంది, దాని పాస్‌వర్డ్ మర్చిపోయా. తప్పు పూర్తిగా నాదే. ఏమీ ముట్టుకోకముందే విండోస్ సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉందేమో చూసి, ఉంటే ఆ కీ కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఆ కాగితం ఫొటో తీసి అదే ల్యాప్‌టాప్‌లో దాచకండి (నవ్వకండి, చేసినవాళ్లున్నారు).

రెండోది ఫాస్ట్ స్టార్టప్. మనం షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) స్థితిని డిస్క్ మీద రాసుకుని సగం నిద్రలో ఉంటుంది. అటునుంచి లైనక్స్‌లోకి వస్తే, ఆ డ్రైవ్ ఇంకా వాడుకలో ఉందనుకుని చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా అసలు తెరవదు. "నా డీ డ్రైవ్‌లో ఫైలు సేవ్ కావట్లేదు, లైనక్స్ దండగ" అని వచ్చే పోస్టుల్లో సగం ఇదే. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ఆ టిక్కు తీసేస్తే చాలు.

ఇక గడియారం. మెషీన్‌లోని గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా చదువుతుంది, లైనక్స్ మామూలుగా యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయం) చదువుతుంది. అటూ ఇటూ మారినప్పుడల్లా టైము గంటల తేడాతో గెంతుతుంటే కంగారు పడొద్దు, స్థానిక సమయమే వాడమని లైనక్స్‌కి చెప్పే కమాండ్ ఒకటుంది.

వీటన్నిటికన్నా సుఖమైనది నా పేరులోనే ఉంది. రెండో ఎస్ఎస్‌డీ పెట్టే చోటుంటే లైనక్స్ దానిమీద వేయండి, వేసేటప్పుడు విండోస్ డిస్క్ ఊడదీయండి. లేకపోతే కొన్ని ఇన్‌స్టాలర్లు బూట్‌లోడర్‌ని (సిస్టమ్‌ని లేపే చిన్న ప్రోగ్రాం) తీసుకెళ్లి విండోస్ డిస్క్‌లోనే పెడతాయి, రేపు దాన్ని తీసేస్తే ఇదీ లేవదు. రూట్‌రాజు గారి పడవల మాటకి నా జవాబు కూడా ఇదే. రెండింటి మీదా కాళ్లు పెట్టక్కర్లేదు, ఒకదాన్ని ఒడ్డున కట్టేసి ఉంచుకోవచ్చు.

పాతలాపీ

చాలా థ్యాంక్స్ అండీ. నా మెషీన్‌లో ఒక్క డిస్క్‌కే చోటుంది. ఎన్‌క్రిప్షన్ చూశా, లేదు. గేముల సంగతి ఎవరైనా చెప్తారా?

ఆటబొమ్మ

ఏ గేమో చెప్పకుండా అడిగితే ఎవరూ సరైన జవాబివ్వలేరు తమ్ముడూ. 2018లో స్టీమ్ అనే గేముల దుకాణం నడిపే వాల్వ్ వాళ్లు, విండోస్ గేముల్ని లైనక్స్ మీద నడిపే ప్రోటాన్ తెచ్చాక లెక్క మారిపోయింది. 2022లో వచ్చిన వాళ్ల చేతి గేమింగ్ మెషీన్ స్టీమ్ డెక్ నడిచేదే లైనక్స్ మీద. ఒంటరిగా ఆడే గేముల్లో చాలావరకు స్టీమ్‌లో ఇన్‌స్టాల్ కొడితే నడిచిపోతున్నాయి. చిక్కంతా ఆన్‌లైన్ పోటీ గేములతో. కెర్నల్ లోపలికి దూరి కూర్చునే యాంటీచీట్ (మోసాల్ని పట్టే సాఫ్ట్‌వేర్) ఉన్న వాలరెంట్ లాంటివి నడవవు. ఫోర్ట్‌నైట్ కూడా అంతే. అపెక్స్ లెజెండ్స్ కొన్నాళ్లు బాగానే నడిచింది, 2024 చివర్లో వాళ్లే లైనక్స్‌ని బయటికి పంపేశారు. ఈరోజు నడిచేది రేపు నడుస్తుందన్న హామీ లేదు. ఏ గేము ఎలా నడుస్తోందో వాడినవాళ్లు రాసే ప్రోటాన్‌డీబీ సైట్‌లో నీ గేముల పేర్లు ఒక్కొక్కటీ కొట్టి చూసుకో, తర్వాత డిస్క్ జోలికి వెళ్లు.

ఆర్చ్‌వాడు

మింట్ ఎందుకసలు, ఆర్చ్ లైనక్స్ వేసుకో.

టెర్మినల్‌తాత

నాయనా, వచ్చావా. నీకోసం వేరే థ్రెడ్ ఉంది, అక్కడికెళ్లి ఆడుకో.

నిదానమే

అందరూ ఓఎస్ గురించే మాట్లాడుతున్నారు. నా అభిప్రాయం వేరు. పాతలాపీ గారూ, ఇన్‌స్టాలర్‌ని ఇంకో నెల రోజులు ముట్టుకోకండి. ముందు ఉన్న విండోస్‌లోనే సాఫ్ట్‌వేర్లు మార్చండి. వర్డ్, ఎక్సెల్ బదులు లిబ్రెఆఫీస్, బ్రౌజర్‌గా ఫైర్‌ఫాక్స్, ఈమెయిల్‌కి థండర్‌బర్డ్, వీడియోలకి వీఎల్‌సీ, ఫొటోలకి గింప్. ఇవన్నీ విండోస్ మీద కూడా నడుస్తాయి. వర్డ్, ఎక్సెల్ ఐకాన్లు కంటికి కనబడకుండా తీసేసి నెల రోజులు వీటితోనే బతకండి.

ఎందుకంటే జనం వెనక్కి వెళ్లేది కెర్నల్ నచ్చక కాదు. ఏదో ఒక ఫైలు తేడా చేసి. నాకు జరిగింది చెప్తా. ఒకటే పేజీ ఉన్న నా రెజ్యూమె లైనక్స్‌లో తెరిస్తే రెండు పేజీలైంది, రెండో పేజీలో ఫోన్ నంబరొక్కటే వేలాడుతోంది. లిబ్రెఆఫీస్‌ని తిట్టుకున్నా. తీరా చూస్తే అసలు విషయం ఫాంటు. ఫైలు కాలిబ్రిలో ఉంది, ఆ ఫాంటు లైనక్స్‌తో రాదు, దాని బదులు వెడల్పు అక్షరాలున్న ఇంకోటి వచ్చి కూర్చుంది. కార్లిటో అని ఒక ఫాంటుంది, అక్షరాల వెడల్పు కాలిబ్రితో సరిగ్గా సరిపోయేలా చేసింది. అది వేయగానే ఫోన్ నంబరు తన చోటికి తను వెళ్లిపోయింది. ఇలాంటివి సావకాశంగా దొరికితే పాఠాలు, అర్జెంటు పనిలో ఎదురైతే శాపాలు.

ఎక్సెల్ ఇంకో కథ. మామూలు లెక్కలకి లిబ్రెఆఫీస్‌లోని కాల్క్ చాలు. మాక్రోలు (పనుల్ని తనంతట తనే చేసే చిన్న ప్రోగ్రాములు) రాసి ఉంటే మాత్రం ఒక్కొక్కటీ నడిపి చూసుకోవాల్సిందే.

పెద్ద సంస్థల్ని చూడండి. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ లైనక్స్‌కి మారాలని 2003లో తీర్మానించింది, వేల కంప్యూటర్లు మార్చింది, 2017లో మళ్లీ విండోస్ వైపు ఓటేసింది. ఎందుకన్నదాని మీద ఈరోజుకీ కొట్టుకుంటూనే ఉన్నారు, రాజకీయం కూడా ఉంది. అదే జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 2024లో సుమారు 30,000 కంప్యూటర్ల మార్పు ప్రకటించినప్పుడు వరస చూడండి: ముందు లిబ్రెఆఫీస్, లైనక్స్ ఆ తర్వాత.

రూట్‌రాజు

నిదానమే గారు చెప్పింది బాగుంది, కానీ సపోర్ట్ అయిపోయిన విండోస్ మీద ఇంకో నెల కూర్చోమంటున్నారు. అది ప్రమాదం కాదా?

నిదానమే

విండోస్ 10కి సెక్యూరిటీ అప్‌డేట్ల పొడిగింపు అని ఒకటిచ్చారు, ఇంట్లో వాడుకునేవాళ్లకి 2026 అక్టోబరు 13 వరకు. దాంట్లో చేరి ఆ నెల గడపొచ్చు. చేరకపోతే మీ మాటే నిజం, కనీసం బ్యాంకు పనులు ఫోన్‌లో చేసుకోవాలి.

నీలితెర

ఇంకొకటి. తుడవడమంటే తిరిగిరాని ప్రయాణమేం కాదు. క్లోన్‌జిల్లా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డిస్క్ మొత్తాన్ని ఒక ఇమేజ్‌గా బయటి హార్డ్‌డిస్క్‌లోకి తీసి పెట్టుకోవచ్చు. రేపు అక్కర పడితే ఆ విండోస్‌ని వాల్‌పేపర్‌తో సహా ఉన్నదున్నట్టు వెనక్కి తెచ్చుకోవచ్చు. చాలా మెషీన్లలో విండోస్ లైసెన్స్ హార్డ్‌వేర్‌తో ముడిపడి ఉంటుంది, తర్వాత కొత్తగా వేసుకున్నా తనంతట తనే యాక్టివేట్ అవుతుంది.

ఫొటోలూ పత్రాలూ మాత్రం విడిగా కాపీ చేసుకోండి, కాపీ అయ్యాక వేరే మెషీన్‌లో తెరిచి చూడండి. నాలుగు ఫైళ్లు తెరిచి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్ అనను. మా చెల్లి విషయంలో ఇదొక్కటి సరిగ్గా చేశా, లేకపోతే నన్ను ఇంట్లోకే రానిచ్చేవాళ్లు కాదు.

టెర్మినల్‌తాత

మింట్‌లో టైమ్‌షిఫ్ట్ ఉంది కదా, బ్యాకప్ అదే చూసుకుంటుందని కొత్తవాళ్లు అనుకుంటారు. అది సిస్టమ్ ఫైళ్ల కోసం. హోమ్ ఫోల్డర్‌ని, అంటే నీ ఫొటోల్ని, మనం చెప్తే తప్ప ముట్టుకోదు.

ఇంకో మాట. ఎక్కడో దొరికిన కమాండ్‌ని సుడో (సిస్టమ్ మీద పూర్తి అధికారం ఇచ్చే మాట) తగిలించి అతికించే ముందు, తెర మీద ఏం రాస్తోందో చదువు. 2021లో లైనస్ టెక్ టిప్స్ అనే యూట్యూబ్ ఛానెల్ వీడియోలో, లైనస్ అనే ఆయన పాప్ ఓఎస్ అనే లైనక్స్ మీద స్టీమ్ వేయబోతే, ప్యాకేజీల్లో దొర్లిన ఒక లోపం వల్ల డెస్క్‌టాప్ మొత్తం ఊడిపోయింది. లోపం వాళ్లదే, కాదనను. కానీ అది చేసే ముందు "యెస్, డూ యాజ్ ఐ సే" అని మనిషి చేత పూర్తిగా టైపు చేయించుకుంది. ఆయన చేశాడు. అంత అనుభవమున్నవాడే చదవకుండా కొట్టేశాడంటే మనమెంత.

పాతలాపీ

ఏడు వారాల తర్వాత వస్తున్నా, మన్నించాలి. నిదానమే గారు చెప్పినట్టే చేశా. వర్డ్ లేకపోయినా ఏమీ తెలియలేదు. ఎక్సెల్‌లో ఒక్క షీటు మొరాయించింది, ఎప్పుడో ఎవరో రాసిచ్చిన మాక్రో. అది చేసే పనేంటో విప్పి చూస్తే మూడు ఫార్ములాలతో అయిపోయేదే, కాల్క్‌లో మళ్లీ రాసుకున్నా. గేముల్లో నాలుగు నడుస్తాయి, ఒకటి నడవదు, స్నేహితులతో ఆడేది అదే.

క్లోన్‌జిల్లా ఇమేజ్ తీశా, ఫైళ్లు వేరే మెషీన్‌లో తెరిచి చూసుకున్నా, ఫాస్ట్ స్టార్టప్ ఆపేశా. విండోస్‌ని 90 జీబీకి కుదించి, మిగతాది మింట్‌కి ఇచ్చా. కాబట్టి రూట్‌రాజు గారూ, మీ మాట వినలేదు, ఏమనుకోకండి.

రూట్‌రాజు

ఏమనుకోను గానీ నిజం చెప్పు. మింట్ వేసి ఎన్నాళ్లైంది, అందులో విండోస్‌లోకి ఎన్నిసార్లు వెళ్లావు?

పాతలాపీ

పదహారు రోజులైంది. రెండుసార్లు వెళ్లా. రెండూ ఆదివారాలే.

రెండుడిస్కులు

టైము సరిగ్గానే చూపిస్తోందా?

పాతలాపీ

లేదు! ఆ కమాండ్ ఏదో కాస్త చెప్తారా అండీ.