మధురవాడ వైపు కాలనీల్లోకి నక్కలు, అడవిపందులు: బోను పెట్టి పట్టించడం మంచిదేనా?

కొండవాలు_ఇల్లు:
మాది విశాఖలో మధురవాడ దాటాక కంబాలకొండ అడవికి దగ్గరగా ఉన్న లేఅవుట్. సంక్రాంతి ముందు నుంచి చీకటి పడితే చాలు, గెడ్డ (వాగు) వైపు నుంచి నక్కల ఊళలు. మొన్న ఒకటి పట్టపగలే చెత్తకుండీ దగ్గర నిలబడి మమ్మల్నే చూస్తోంది. పక్కింటివాళ్ల పెరట్లో కంద మొత్తం పందులు తవ్వేశాయి. చిన్నపిల్లలున్న ఇళ్లు, టెన్షన్‌గా ఉంది. వీటిని పట్టి అరకు అడవుల్లో వదిలేయమని అసోసియేషన్ తరఫున అర్జీ పెట్టబోతున్నాం. మీరేమంటారు?

ఆరిలోవ_అప్పారావు:
అది నక్కేనా? ఊరకుక్క అయ్యుంటుంది.

కొండవాలు_ఇల్లు:
కుక్కకీ నక్కకీ తేడా తెలియదా అండీ మాకు?

ఆరిలోవ_అప్పారావు:
చాలామందికి తెలియదు. తోక కిందికి వేలాడుతూ, చివర నల్లగా ఉందా? పైకి చుట్టుకుని ఉంటే కుక్కే. ఫొటో పెట్టండి.

జీడితోట:
నక్కే అప్పారావుగారూ, ఫొటో అక్కర్లేదు. ఆ గెడ్డకి అవతల మా జీడితోట ఉంది. నా చిన్నప్పుడు సాయంత్రం ఆ ఊళ వినపడిందంటే ఆటలాపి ఇంటికొచ్చేసేవాళ్లం. అవి కొత్తగా రాలేదు. కొత్తగా వచ్చింది ఎవరో నేను చెప్పక్కర్లేదు.

ఇక పట్టడం గురించి. అసోసియేషన్ తీర్మానం చేసేసి బోను కొనుక్కొచ్చి పెట్టడానికి లేదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అడవి జంతువుని వలేసి పట్టినా అది వేట కిందికే వస్తుంది. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. మీ పక్కింటివాళ్ల కంద తిన్నాయంటే ఆ అనుమతి వస్తుందా?

కొండవాలు_ఇల్లు:
చట్టం మాకూ తెలుసు, అందుకే అర్జీ అన్నాను. ‘కొత్తగా వచ్చింది ఎవరో’ అనే ఎత్తిపొడుపు ఎందుకో అర్థం కాలేదు. ఇరవై ఏళ్ల లోను పెట్టి కొనుక్కున్న ఇల్లు ఇది. ఆక్రమించుకున్నది కాదు.

నేపర్‌విల్_నాయుడు:
నేను పుట్టింది ఎంవీపీ కాలనీ, ఉండేది చికాగో పక్కన. ఇక్కడ నక్కకి అన్నలాంటి జంతువు కయోటి. ఊళ్ల మధ్యలోనే తిరుగుతుంది. చికాగో ఉన్న కుక్ కౌంటీలో 2000 నుంచి వాటి మెడకి రేడియో పట్టీలు కట్టి పరిశోధన చేస్తున్నారు. అవి ఎక్కువగా తినేది ఎలుకలు, కుందేళ్లు, రాలిన పళ్లు. మొదట్లో తోడేళ్లని చంపేయడం వల్ల వీటికి మేలయింది, ఖాళీ అయిన చోట్లకి ఇవి పాకాయి. వీటినీ దశాబ్దాల తరబడి కాల్చి చూశారు, తగ్గలేదు. ఒకచోట ఖాళీ చేస్తే పక్కనున్నవి వచ్చి చేరతాయి, ఈతకి పిల్లలూ ఎక్కువ వేస్తాయి. అందుకని ఇప్పుడు కనిపిస్తే గట్టిగా అరిచి, చేతులూపి తరుముతారు, తిండి మాత్రం బయట పెట్టరు. మా వీధిలో చిన్న కుక్కపిల్లని తాడు లేకుండా వదలరు. అంతే.

కొండవాలు_ఇల్లు:
నాయుడుగారూ, మీ దగ్గర మూత గట్టిగా పడే చెత్త డబ్బాలు, నడవడానికి ఫుట్‌పాత్‌లు, పిల్లల్ని గుమ్మం ముందు దించే బస్సులు ఉంటాయి. మా పిల్లలు చీకట్లో మెయిన్ రోడ్డు దాకా నడవాలి. 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో ఆరేళ్ల పాపని చిరుత చంపేసింది. ఆ తర్వాత నడిచి వెళ్లే భక్తులకి చేతికర్రలిచ్చారు. మేమూ కర్రలు పట్టుకుని పిల్లల్ని బస్సెక్కించాలా?

జీడితోట:
నక్క గురించి అడిగి చిరుత గురించి భయపెడితే ఎలా బాబూ? ఈ కొండల్లో చిరుతలు లేవని నేనూ అనను. కానీ దేని సంగతి దానిదే.

చిరుతల్ని పట్టి దూరంగా వదిలితే ఏమైందో మహారాష్ట్ర జున్నర్‌వాళ్లని అడగండి. 2000 తర్వాత అక్కడ చాలా వాటిని పట్టి వేరేచోట వదిలారు. మనుషుల మీద దాడులు తగ్గకపోగా, వదిలినచోట కూడా మొదలయ్యాయి. విద్యా ఆత్రేయ అనే శాస్త్రవేత్త దీని మీద చాలాకాలం పనిచేశారు. తెలియని చోట దింపితే జంతువు పిచ్చెత్తినట్టు తిరుగుతుంది. అరకులో మాత్రం మనుషులు లేరా? గిరిజనుల కోళ్లు పోతే మీకేం పర్లేదా?

పద్మజ_టీచర్:
నేనూ అదే కాలనీలో ఉంటాను. ఒకటే మాట. ఆదివారం సాయంత్రం గెడ్డ దగ్గరికి వెళ్లి చూడండి. కోడి ఈకలు, పేగులు నల్ల కవర్లలో కట్టి పడేసి ఉంటాయి. మొన్న వాకింగ్‌లో బండ మీద నక్క మలం చూశాను. అందులో రేగుపిక్కలు, వెంట్రుకలు, ఓ నల్ల కవరు ముక్క. అది ఏం తింటోందో, ఎవరు పెడుతున్నారో అక్కడే ఉంది. తీర్మానాలు తర్వాత, ముందు ఆ చికెన్ కొట్టు అతన్ని ఆపండి.

నక్క అయినా కుక్క అయినా కరిస్తే పుండుని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పావుగంట కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకి వెళ్లాలి. పసుపూ సున్నం పూసుకుని ఇంట్లో కూర్చోకూడదు. ఇది పిల్లలకి నేర్పండి.

సాగర్‌నగర్_సత్య:
ఇదంతా హుద్‌హుద్ తుఫాను దెబ్బ. 2014లో కొండ మీద చెట్లు పడిపోయాయి, అప్పటినుంచే ఇవన్నీ కిందికి దిగుతున్నాయి.

జీడితోట:
చెట్లు మళ్లీ లేచాయి సత్యగారూ. లేవనిది ఇటు పక్క పొదలు. వాటి మీద ఇప్పుడు అపార్ట్‌మెంట్లున్నాయి.

ఆరిలోవ_అప్పారావు:
ఫొటో ఇంకా పెట్టలేదు.

కొండవాలు_ఇల్లు:
జీడితోటగారి ప్రతి పోస్టులోనూ మా ఇళ్ల మీద ఏడుపే. మీ ఊరివాళ్లే భూములమ్మారు. అమ్మి, డబ్బులు తీసుకుని, ఇప్పుడు ప్రకృతి గుర్తొచ్చిందా?

జీడితోట:
మేము అమ్మలేదు. మా పెదనాన్న అమ్మారు, దానికి మా ఇంట్లో ఇప్పటికీ మాటల్లేవు. మా వాటా తోట ఉంది, జీడిపిక్కలు ఇప్పటికీ రాలుతున్నాయి. ఏటి, మా సొంత విషయాలు కూడా మీకు చెప్పుకోవాలా?

మీరు అర్జీలో ఏం రాశారో ఇక్కడ పెట్టండి. నక్కల పేరు ఎన్నిసార్లుందో, గోడ పేరు ఎన్నిసార్లుందో చూద్దాం.

నేపర్‌విల్_నాయుడు:
గోడేంటి?

పద్మజ_టీచర్:
నేను చెబుతాను, మీటింగ్‌లో ఉన్నాను కాబట్టి. బోనుల మాట రెండు ముక్కల్లో అయిపోయింది. గంటసేపు నడిచింది గెడ్డ గట్టు మీద కాంపౌండ్ గోడ గురించే. అడవి జంతువుల బెడద అని రాస్తే అనుమతి తొందరగా వస్తుందని ఒకాయన సలహా. ఆ గట్టు మీదే జీడితోటకి వెళ్లే బాట ఉంది.

కొండవాలు_ఇల్లు:
మేడమ్, మీటింగ్ విషయాలు బయట పెట్టడం పద్ధతి కాదు. సరే, దాచడానికేముంది? ఆ బాటలో రాత్రిపూట ఎవరెవరో వస్తారు. సీసాలు పగలగొడతారు. మా ఆవిడ డాబా మీద బట్టలు తీయడానికి భయపడుతోంది. కాలనీకి గేటు లేకపోతే కొనడానికి వచ్చినవాడు ‘వెనక దారెవరిది’ అని మొదట అదే అడుగుతున్నాడు. ఇది తప్పా?

జీడితోట:
ఈ మాట మొదటి పోస్టులో రాసుంటే సగం గొడవ ఉండేది కాదు. సీసాలు నాకూ గుచ్చుకున్నాయి, తాగేవాళ్లు మా మనుషులు కారు. దానికి పోలీసుల్ని పిలుద్దాం, నేనూ సంతకం పెడతాను. కానీ మా తాత నడిచిన బాట మూసేస్తామంటే ఒప్పుకోను. ఏప్రిల్లో పిక్కల మూటలు ఏ దారిన దించుకోవాలి, హెలికాప్టర్లోనా?

సాగర్‌నగర్_సత్య:
గోడ కట్టినా గెడ్డ కింద తూము ఉంటుంది కదా. నక్క అందులోంచి వస్తుంది.

కొండవాలు_ఇల్లు:
తూముకి ఇనప జాలీ వేయిస్తాం.

పద్మజ_టీచర్:
వేయించండి. మొదటి వానకే ఆ కవర్లన్నీ జాలీకి అడ్డుపడి నీళ్లు మన సెల్లార్లోకే వస్తాయి. మన కార్లన్నీ అక్కడే ఉన్నాయి.

కొండవాలు_ఇల్లు:
గోడలో చిన్న గేటు పెడదాం. పగలు తెరుస్తాం, రాత్రి తాళం. ఇంతకన్నా ఏం చేయాలి?

జీడితోట:
తాళంచెవి ఎవరి దగ్గర?

కొండవాలు_ఇల్లు:
సెక్యూరిటీ దగ్గర. రిజిస్టర్లో పేరు రాసి వెళ్లొచ్చు. అసలు రికార్డుల్లో అక్కడ దారే లేదని సర్వేయరు చెప్పాడు. వచ్చేవారం కొలతలు వేయిస్తున్నాం, కావాలంటే వచ్చి చూసుకోండి.

జీడితోట:
వస్తాను. మా నాన్ననీ తీసుకొస్తాను. అక్కడ దారి లేదన్న మాట, తోటకి పోవడానికి పేరు రాసి వెళ్లాలన్న మాట, రెండూ ఆయనకి మీరే చెప్పండి.