అప్‌డేట్: అణా స్టాంపుల చిల్లులు పురుగు కొట్టినవి కావు

తాతయ్య పెట్టెలో దొరికిన ఐదవ జార్జి చాక్లెట్ రంగు అణా స్టాంపుల్లో రెండింటికి చిల్లులున్నాయి, పారేయాలా అని అడిగాను కదా. పారేయలేదు, బతికిపోయాను!

మీరు చెప్పినట్టు నల్ల అట్ట మీద బోర్లించి చూశాను. ముందునుంచి అద్దంలో బొమ్మలా తిరగబడి కనిపించిన చుక్కలు వెనకనుంచి చక్కగా మూడు ఇంగ్లీషు అక్షరాలయ్యాయి. షీటును మడిచి గుచ్చితే కొన్ని స్టాంపులకు ఇలా తిరగబడి పడతాయట. ఒకటి ఇంకా కవరు ముక్కకే అంటుకుని ఉంది. దాని మూలన అచ్చయిన బ్యాంకు పేరుకు ఆ పొడి అక్షరాలు సరిపోయాయి. ఉద్యోగులు స్టాంపులు కాజేయకుండా సంస్థలు తమ పొడి అక్షరాలను ఇలా చిల్లులుగా గుచ్చుకునే ఏర్పాటిది. బ్రిటన్ తపాలా శాఖ దీన్ని 1868లోనే అనుమతించింది. రెండోదాన్ని చిన్నప్పుడు నేనే నీళ్లలో నానబెట్టి ఊడదీశాను. ఆ కవరు ఎటు పోయిందో!

ఇక ముద్రణ సంగతి. ఊడదీసినదాని నీటిగుర్తులో (కాగితంలోనే ఉండే గుర్తు) ఒకే నక్షత్రం, అంటే లండన్‌లో డి లా రూ కంపెనీ అచ్చు. కవరు మీది స్టాంపును నీటిగుర్తు కోసం తడపదలుచుకోలేదు. దాని తపాలా ముద్రలో 1929 కనిపిస్తోంది, అప్పటికి మన స్టాంపులు నాసిక్‌లోనే అచ్చవుతున్నాయి కాబట్టి నాసిక్ అచ్చు కావచ్చు. కవరు నుంచి మాత్రం విడదీయను.