స్పానిష్ 'ఇర్' క్రియ: బోయ్, ఫుయ్, ఇబా... వీటిలో అసలు 'ఇర్' ఎక్కడుంది?

సగంలో_ఆగినవాడు:
సొంతంగా స్పానిష్ నేర్చుకుంటున్నా. కొమేర్ (తిను), అబ్లార్ (మాట్లాడు) లాంటివి బాగానే పట్టుబడ్డాయి. 'వెళ్ళు' అనే 'ఇర్' దగ్గరికొచ్చేసరికి బండి కదలట్లేదు. ఇప్పటి మాటకి బోయ్ (వెళ్తాను), బాస్ (వెళ్తావు), బా (వెళ్తాడు). నిన్నటి మాటకి ఫుయ్. ఇంకో భూతకాలానికి ఇబా. పైగా 'అవు, ఉండు' అనే 'సేర్'కి కూడా భూతకాలం ఫుయ్ అట! మరి ఎదుటివాడికి ఏది అర్థమవుతుందండీ? పట్టిక మొత్తం బట్టీ కొట్టాల్సిందేనా?

వ్యాకరణం_పిచ్చి:
టెన్షన్ వద్దండీ. మన 'వచ్చు' సంగతి చూడండి. వచ్చాడు అంటాం, రాలేదు అంటాం, రమ్మంటాం. ఎక్కడి 'వచ్చు', ఎక్కడి 'రా'! అయినా ఏనాడూ తడబడలేదు. ఇర్ కూడా ఆ బాపతే, కాకపోతే ఇందులో మూడు లాటిన్ క్రియలు కలిశాయి. ఇర్, ఇబా ఒకదాన్నుంచి, బోయ్, బాస్, బా ఇంకోదాన్నుంచి వచ్చాయి. ఫుయ్ మాత్రం 'ఉండు' అనే క్రియ సొత్తు. సేర్‌తో కలిసిపోయింది అందుకే.

అయోమయం మాత్రం కాగితం మీదే. 'ఫుయ్ మేదికో' అంటే డాక్టర్‌గా ఉండేవాణ్ణి. 'ఫుయ్ ఆల్ మేదికో' అంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. మధ్యలో ఆ చిన్న 'ఆల్' ఉందే, అదే 'ఆ' (మన 'కి' లాంటిది), 'ఎల్' (ఇంగ్లీష్ 'ద' లాంటిది) కలిసిన రూపం. ఎక్కడికో చెప్పారంటే అది వెళ్ళడమే.

బట్టీ కొట్టేదేదో బోయ్, బాస్, బా, బామోస్ (వెళ్తాం), బాన్ (వాళ్ళు వెళ్తారు)తో మొదలుపెట్టండి. ('బాయిస్', అంటే 'మీరంతా వెళ్తారు', స్పెయిన్‌లోనే వాడతారు, లాటిన్ అమెరికా కోసమైతే వదిలేయొచ్చు.) ఇవొస్తే భవిష్యత్తు ఉచితం: 'బోయ్ ఆ కొమేర్' అంటే తినబోతున్నా. 'తినబోతున్నా'లో దాక్కున్నదీ మన 'పో'యే కదా! మాట్లాడేటప్పుడు వాళ్ళు ఎక్కువగా వాడేది ఇదే. కొమెరే, కొమెరాస్ అనే అసలు భవిష్యత్ రూపాల కోసం ఇప్పుడే తల బద్దలు కొట్టుకోకండి.

నెమ్మదిగా_నేర్చుకో:
పైవారు ఇబా వదిలేశారు. ఫుయ్ అంటే వెళ్ళాను, పని అయిపోయింది. ఇబా అంటే వెళ్ళేవాణ్ణి, లేదా వెళ్తూ ఉన్నాను. ఈ ఇబా తరహా భూతకాలంలో నియమం తప్పే క్రియలు మొత్తం భాషలో మూడే: ఇర్, సేర్, బేర్ (చూడు). నాకు బాగా పనికొచ్చిన వాక్యం 'ఇబా ఆ యమార్తే', అంటే 'నీకు ఫోన్ చేయబోయాను' (ఈలోపు నువ్వే చేశావు) అన్నమాట. చేయనివాళ్ళకి కూడా భలే సాకు.

సగంలో_ఆగినవాడు:
'తినబోతున్నా' దెబ్బకి సగం భయం పోయింది, థాంక్సండీ. ఇంకొక్కటి. ఎవరైనా పిలిస్తే మనం 'వస్తున్నా' అంటాం కదా, అప్పుడు 'బెంగో' (వస్తాను) అనాలా?

వ్యాకరణం_పిచ్చి:
కాదండీ, 'యా బోయ్' అనాలి. బెనీర్ (వచ్చు) మాట్లాడేవాడు ఉన్న చోటికి రావడానికే. మీరు వాళ్ళ దగ్గరికి వెళ్తున్నారు కాబట్టి స్పానిష్ లెక్కలో అది వెళ్ళడమే. కొన్నాళ్ళు నోటికి 'బెంగో' వస్తూనే ఉంటుంది, కంగారుపడకండి.